ఆ సినిమా చూడని మనిషిని వెంట తీసుకెళ్లండి, తెలిసిపోతుంది

హ్యారీ పోటర్, స్టార్ వార్స్, అవతార్ లాంటి సినిమాల పేరుతో థీమ్ పార్కుల్లో కడుతున్న ల్యాండ్‌లకు, అంటే ఒక్కో సినిమాకి కేటాయించిన ప్రాంతాలకు, ఆ సినిమాల మోజు తగ్గాక కూడా జనం వస్తారా అని అడిగారు. వస్తారు, కానీ సినిమా కోసం రారు. సినిమా ఎంత ఆడిందన్న లెక్క మొదటి రెండు మూడేళ్ల వరకే పనికొస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది వేరే. ఆ పేరు కూడా వినని మనిషిని తీసుకెళ్లి అక్కడ నిలబెడితే ఆ మనిషికి ఏం దొరుకుతుంది? ఏమీ దొరక్కపోతే ఆ ల్యాండ్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. అలాంటి మనిషిని నేను దగ్గరుండి తిప్పాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మాది వైజాగ్. ఇక్కడినుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉండటంతో మా చుట్టుపక్కల చాలామందికి మొదటి విదేశీ ప్రయాణం అక్కడికే. పిల్లల సెలవుల్లో మేమూ వెళ్లాం, మా అత్తయ్యనూ తీసుకెళ్లాం. ఆవిడ పుట్టి పెరిగింది పూడిమడకలో, సముద్రం ఒడ్డున. తెలుగు సినిమాలే అరుదుగా చూస్తారు, ఇంగ్లిష్ సినిమాల సంగతి ఇక చెప్పక్కర్లేదు. సెంటోసాలో ఉన్న యూనివర్సల్ స్టూడియోస్‌కి వెళ్లినప్పుడు ఆవిడకి అక్కడున్న ఒక్క బొమ్మ పేరూ తెలియదు.

మా పెద్దవాడికి అప్పట్లో ట్రాన్స్‌ఫార్మర్స్, అదే రోబోలు కొట్టుకునే సినిమాలంటే ప్రాణం. ముందు ఆ రైడ్‌కే లాక్కెళ్లాడు. వాడు కేకలు పెడుతూనే ఉన్నాడు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక వాడిని పక్కకి పిలిచి, "వాళ్లలో మనోడు ఎవుడురా?" అని అడిగారు. వాడు ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నారు. అంతే, ఆ విషయం అక్కడితో అయిపోయింది. ష్రెక్ కోట దగ్గర నీడలో కూర్చుని కాళ్లు నొక్కుకున్నారు. కోట ఎవరిదని అడగలేదు.

మధ్యాహ్నం వాటర్‌వరల్డ్ షోకి వెళ్లాం. చుట్టూ మెట్లలా బెంచీలు, మధ్యలో నీటి కొలను, దాని మీద తుప్పుపట్టిన ఇనుముతో కట్టినట్టున్న స్థావరం. ముందు వరుసల్లో కూర్చుంటే తడుస్తారని బోర్డు ఉంది. "చీర తడిసిపోతుంది అత్తయ్యా, పైకి పోదాం" అన్నాను. "తడిస్తే ఆరిపోతాది" అని ముందు బెంచీలోనే కూర్చున్నారు. షో మొదలవకముందే నటులు వచ్చి జనం మీద నీళ్లు కుమ్మరించారు. అత్తయ్య పమిట తడిసి ముద్దయింది. ఆవిడ నవ్వు ఆగలేదు.

తర్వాత షో మొదలైంది. జెట్ స్కీల మీద మనుషులు నీళ్లు చిమ్ముకుంటూ దూసుకొస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఏటే అమ్మా, అంత జోరులో తిప్పితే తిరగబడిపోదేటి?" అని ఒకటే అడుగుతున్నారు. ఎవరు మంచివాళ్లు, ఎవరు దుర్మార్గులు అని ఈసారి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒంటికి నిప్పంటుకున్న మనిషి పైనుంచి నీళ్లలోకి పడితే లేచి నిలబడ్డారు. చివర్లో గోడ మీంచి విమానం దూకి కొలనులో పడి, మంటలు లేచినప్పుడు ఆ వేడి మా ముఖాలకు తగిలింది. షో అయ్యాక జనం వెళ్లిపోతుంటే ఆవిడ మాత్రం కమ్మీ దగ్గరికెళ్లి, నీటి కింద ఏముందో, విమానం ఏ దారిన వచ్చిందో చూస్తూ నిలబడ్డారు. "మళ్లీ ఎన్ని గంటలకి?" అని అడిగారు. పిల్లలు ఇంకో రైడ్ అని గోల పెట్టినా ఆవిడ కోసం మళ్లీ వెళ్లాం.

అసలు సంగతి ఏమిటంటే, వాటర్‌వరల్డ్ సినిమా 1995లో వచ్చింది. అప్పటికి అంత డబ్బు పోసి తీసిన సినిమా ఇంకోటి లేదు. అమెరికాలో ఖర్చుకు తగ్గట్టు ఆడలేదు, పెద్ద ఫ్లాప్ అని పేరు పడింది. అదే ఏడాది హాలీవుడ్ యూనివర్సల్‌లో మొదలైన స్టంట్ షో మాత్రం దశాబ్దాలు నడిచింది. జపాన్‌లో ఒసాకాకి వెళ్లింది, సింగపూర్‌కి వచ్చింది, 2021లో తెరిచిన బీజింగ్ పార్కులోనూ పెట్టారు. ఆ బెంచీల మీద కూర్చునేవాళ్లలో సినిమా చూసినవాళ్లు ఎందరుంటారు? నీళ్లు, నిప్పు, కళ్లెదుట ప్రాణాలకు తెగించే మనుషులు. ఇవి పాతబడవు. అదే సింగపూర్ పార్కులో మడగాస్కర్ ప్రాంతాన్ని తీసేసి, 2025లో మినియన్ ల్యాండ్ తెరిచారు. మడగాస్కర్ హిట్ సినిమా, వాటర్‌వరల్డ్ కాదు. హిట్ పేరున్న ప్రాంతం పోయింది, ఫ్లాప్ పేరున్న షో ఉంది.

డిస్నీలో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 1989లో కాలిఫోర్నియాలో స్ప్లాష్ మౌంటెన్ అని నీళ్ల రైడ్ పెట్టారు. దుంగ ఆకారం పడవలో కూర్చోబెట్టి కొండ మీంచి కిందికి జార్చేస్తారు. దానికి ఆధారం 1946 నాటి సినిమా. నల్లజాతివారిని చూపించిన తీరు మీద విమర్శలున్న ఆ సినిమాను డిస్నీ అమెరికాలో ఇంట్లో చూసుకునే వీడియోగా ఎన్నడూ అమ్మలేదు. అంటే కొన్ని తరాల పిల్లలు కథ చూడకుండానే ఆ కొండ మీంచి జారారు. చివరికి ఆ సినిమా మచ్చ వల్లే 2023లో దాన్ని మూసి, 2024లో టియానా అనే ఇంకో డిస్నీ సినిమా యువరాణి పేరుతో మళ్లీ తెరిచారు. కొత్త బొమ్మలు, కొత్త పాటలు వచ్చాయి గానీ కాలువనూ ఆ జారుడునూ మాత్రం ఉంచేశారు. ఇక పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ అయితే 1967లోనే రైడ్, 2003లో గానీ సినిమా రాలేదు. అంతకాలం ఏ సినిమా దన్నూ లేకుండానే జనం ఆ పడవలు ఎక్కారు.

మరి హ్యారీ పోటర్ సంగతేంటి అంటారు. నిజమే, 2010లో ఆర్లాండోలో తెరిచారు, చివరి సినిమా 2011లో వచ్చింది, అయినా 2025లో అదే ఊళ్లో కొత్త పార్కులో దానికి ఇంకో ప్రాంతం కట్టారు. అభిమానుల బలం లేదని నేను అనను. కానీ అక్కడ ఇరుకు వీధులున్నాయి, తాగడానికి కథలోని బటర్‌బీర్ అనే తియ్యటి పానీయం ఉంది, మంత్రదండం ఊపితే కిటికీలో బొమ్మలు కదులుతాయి. కథ తెలియని పిల్లకి కూడా చేతినిండా పని. అవతార్ సినిమా 2009లో వస్తే రెండోది 2022 దాకా రాలేదు. ఆ మధ్యలో, 2017లో, ఫ్లోరిడాలో ఆ సినిమా లోకమైన పండోరా పేరుతో ల్యాండ్ తెరిస్తే జనం గంటల తరబడి క్యూ కట్టారు. అక్కడ ఎగిరే జంతువు వీపు మీద కూర్చోబెట్టి తిప్పుతారు మరి.

కథనే నమ్ముకున్నది ఏమైందో కూడా చూశాం. స్టార్ వార్స్ పేరుతో ఫ్లోరిడాలోనే 2022 మార్చిలో ఒక హోటల్ తెరిచారు. రెండు రాత్రులు అంతరిక్ష నౌకలో ఉన్నట్టు నటిస్తూ గడపాలి. ఇద్దరికి దాదాపు 5 వేల డాలర్లు. 2023 సెప్టెంబర్‌కల్లా మూసేశారు. ప్రపంచంలో అంతకంటే పెద్ద పేరున్న కథలు ఎన్ని ఉన్నాయి చెప్పండి! వీరాభిమాని తప్ప ఇంకెవరూ తలుపు తట్టలేని చోటు ఎంతకాలం నడుస్తుంది?

మన దగ్గర ఈ కిటుకు అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్లో ఎగ్జిబిషన్లు పడతాయి. గేటు దగ్గర ఆ ఏడాది ఆడిన సినిమా సెట్టింగు. థర్మోకోల్ కోట, రంగు లైట్లు, దానికో టికెట్టు. ఒకసారి మా చిన్నది ఎంతో ఆశగా లోపలికెళ్తే కోట వెనకాల ఖాళీ గుడారం, జెనరేటర్ పొగ. పిల్ల ముఖం చూడలేకపోయాను. పిల్లల్ని అలా మోసం చెయ్యడం నాకు ఒళ్లు మండే విషయం. అదే మైదానంలో బావిలో బైకు తిప్పే షో దగ్గర మాత్రం కిక్కిరిసి ఉన్నారు. నా చిన్నప్పుడూ అంతే. ఢిల్లీ అప్పడం కొనుక్కుని ముందు ఆ బావి దగ్గరికే పరుగెత్తేవాళ్లం. దానికి ఏ హీరో బొమ్మా అక్కర్లేదు.

బాహుబలి సెట్ రామోజీ ఫిల్మ్ సిటీలో ఇప్పటికీ జనం చూస్తున్నారు, నాకూ నచ్చింది. కానీ సెట్ అన్నది కెమెరా కోసం కట్టేది. ఆ మెట్ల మీద నిలబడి ఫొటో దిగుతాం, దండనాయకుడి డైలాగు గుర్తు చేసుకుంటాం. డైలాగులు తెలియని తరం వచ్చినప్పుడు వాళ్లకి అక్కడ ఎక్కడానికో, తడవడానికో, తిప్పడానికో ఏదైనా ఉండాలి.

వైజాగ్‌లో కూడా ఫలానా సినిమా థీమ్‌తో పార్కు కట్టాలి, టూరిస్టులు ఎగబడి వస్తారని వాదించేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. ఆర్కే బీచ్‌లో కుర్సురా ఉంది కదా! 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన నిజం జలాంతర్గామి, 91 మీటర్ల పొడవు. 2002లో ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. తల వంచుకుని ఆ గుండ్రటి తలుపుల్లోంచి దూరుతుంటే, అంత ఇరుకులో మనుషులు ఎలా బతికారో శరీరానికే తెలిసిపోతుంది. దానికి ఎదురుగా రోడ్డు అవతల నేవీ వాడిన నిఘా విమానం టీయూ-142, 2017 నుంచి. 1971 యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరానికి దగ్గర్లోనే. ఇన్ని పెట్టుకుని కూడా మనం ఇంకొకరి కథ అద్దెకి తెచ్చుకోవాలా?

నన్నడిగితే ఆ రెండింటి మధ్య చేతులతో చేసే పనులు పెట్టాలి. పిల్లలు పెరిస్కోప్ తిప్పి నిజంగా సముద్రంలో ఓడని వెతకాలి. చీకటి గదిలో సోనార్, అంటే నీటిలో శబ్దంతో ఓడల్ని కనిపెట్టే యంత్రం, చప్పుడు విని ఓడ ఎటుందో చెప్పాలి. నీళ్ల ట్యాంకులో బొమ్మ జలాంతర్గామిని ముంచి, తేల్చి చూడాలి. కుర్సురాలో దారి చూపించే రిటైర్డ్ నేవీ వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడనివ్వాలి, ఇప్పటిలా ఐదు నిమిషాల్లో జనాన్ని ముందుకు తోసేయకుండా. పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ, తాగడానికి మంచినీళ్లు, శుభ్రమైన బాత్‌రూమ్‌లు ఉండాలి. వీటిలో ఒక్కదానికి కూడా ఏ స్టూడియోకీ లైసెన్సు ఫీజు కట్టక్కర్లేదు.