ఆర్కిడ్‌తో పాటు పిండినల్లి వచ్చింది, నర్సరీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నెల కిందట ఒక నర్సరీ వెబ్‌సైట్‌లో రెండు ఫెలనాప్సిస్ ఆర్కిడ్ మొక్కలు 2,400 రూపాయలకు తెప్పించాను. ఆరో రోజున ఆకుల మొదళ్లలో తెల్లగా దూదిలా కనిపిస్తే మా నాన్న చూసి పిండినల్లి అన్నారు. ఇప్పుడది పక్కనున్న మందారానికీ పాకింది. నర్సరీకి వాట్సాప్ పెడితే, ‘ప్రాణమున్న మొక్కలకు రిటర్న్ లేదు, బిల్లు మీదే రాసుంది’ అన్నారు. ఈలోపు మా మరిది పురుగు మందుల షాపులో నీళ్ల బాటిల్‌లో ‘మోనో’ పోయించుకొచ్చి బాల్కనీలో కొట్టాడు. ఆ వాసనకు కింది వాటా వాళ్లు గొడవ పెట్టుకుని పోలీస్ కేసు పెడతామంటున్నారు. నర్సరీ మీద నేను కేసు వేయొచ్చా? మా మీద కేసు అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నర్సరీ మీద వేయొచ్చమ్మా. బిల్లు మీద రాసిన ఆ ఒక్క ముక్క చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు. మొక్క బతికి ఉన్నదే అయినా డబ్బుకు అమ్మారు కాబట్టి చట్టం దృష్టిలో అదీ సరుకే. సరుకు నాణ్యతలో ఉండే ఏ లోపమైనా వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమే. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతుంది. బిల్లులో గడువు ఏదీ లేకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు లోపమున్న సరుకును తిరిగి తీసుకోనని అనకూడదంటున్నాయి. మనసు మారి వాపసు ఇస్తానంటే ‘రిటర్న్ లేదు’ అనే మాటకు విలువ ఉంటుంది. పురుగు పట్టిన మొక్కకు అది వర్తించదు.

అసలు గొడవ రుజువు దగ్గర వస్తుంది. నర్సరీ వాళ్లు మొదట అనే మాట నాకు తెలుసు: ‘మేం శుభ్రమైన మొక్కే పంపాం, పురుగు మీ ఇంట్లోనే పట్టింది.’ బత్తాయి తోటలు, పత్తి చేలు ఉన్న మన జిల్లాలో ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే పురుగు బతుకే మీ తరఫున మాట్లాడుతుంది. పిండినల్లి గుడ్డులోంచి వచ్చి, ఎదిగి, తెల్లని సంచుల్లో మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి వారాలు పడుతుంది. మీకు ఆరో రోజునే గుడ్ల సంచులతో సహా పెద్ద పురుగులు కనిపించి ఉంటే, అవి మీ బాల్కనీలో పుట్టాయనడం కష్టం. పాత మొక్కల మీంచి పాకి వచ్చాయని వాదించే వీలు మాత్రం వాళ్లకు మిగిలే ఉంటుంది. అందుకే మందారానికి పురుగు ఆ తర్వాతే వచ్చిందని చూపే ఫొటో ఏదైనా ఉంటే అది బంగారం. పండగకు తీసిన ఫొటోలో వెనక మందారం కనిపించినా చాలు.

ఇంకా తుడవకుండా ఉంటే ఇవాళే వీడియో తీయండి. ఆకులు విడదీసి మొదళ్లు, కుండీలోని బెరడు ముక్కలు పక్కకు తీసి వేళ్లు కూడా చూపండి, పిండినల్లి అక్కడే ఎక్కువ దాగుతుంది. పార్సిల్ డబ్బా మీది చిరునామా చీటీ, బిల్లు, డబ్బు కట్టిన మెసేజ్, ఆ వాట్సాప్ మాటలు పారేయకండి. హార్టికల్చర్ అధికారి ఎవరైనా చూసి రెండు లైన్లు రాసిస్తే మరీ మంచిది. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ నమూనాను ల్యాబ్‌కు పంపగలదు. కానీ ఆ ఫీజు ముందు మీరే కట్టాలి, 2,400 రూపాయల మొక్క కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను.

సాక్ష్యం దొరికాక మొక్కను అలాగే వదిలేయకండి. కాంట్రాక్టు చట్టం 1872లోని 73వ సెక్షన్ వివరణ ప్రకారం, నష్టాన్ని తగ్గించుకునే వీలుండి కూడా ఊరుకుంటే పరిహారం తగ్గుతుంది. ఆర్కిడ్లను వేరే గదిలో పెట్టండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో పురుగులను తుడిచి, కొత్త పిల్లలు పుడతాయి కాబట్టి వారం వారం మళ్లీ చూడండి. పురుగు కనిపించాక కూడా మందారాన్ని పక్కనే ఉంచారు కదా, దానికి పరిహారం అడిగితే వాదన కొంచెం బలహీనమే.

ముందు మెయిల్‌లో నోటీసు పంపండి. పురుగు కనిపించిన తేదీ, ఫొటోలు, డబ్బు వాపసు ఇవ్వడానికి 15 రోజుల గడువు రాస్తే సరిపోతుంది. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చిన్న గొడవలు చాలావరకు అక్కడే తేలిపోతాయి. అదీ కాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. నర్సరీ ఏ ఊరిదైనా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. మొక్కల ధర, కొరియర్ చార్జీ, న్యాయంగా అయిన ఖర్చులు అడగండి. మానసిక వేదనకు లక్ష అని రాయకండి, అలా రాస్తే అసలు ఫిర్యాదే పలచబడుతుంది.

ఇక రెండో సంగతి, నాకు ఎక్కువ బెంగగా ఉన్నది ఇదే. సొంత ఇంటి అవసరానికి పురుగు మందు వాడుకోవడానికి పురుగు మందుల చట్టం 1968 అడ్డు రాదు, 38వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉంది. కానీ మీ మరిది కొట్టిన ‘మోనో’, అంటే మోనోక్రోటోఫాస్, దాని డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటుంది, అంటే అత్యంత విషపూరితం. విషపదార్థంతో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే, లేదా హాని జరిగే అవకాశం కల్పిస్తే, భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఒట్టి వాసన వచ్చిందంటే కేసు నిలవడం కష్టం. కింద ఎవరికైనా వాంతులు, కళ్లు తిరగడం లాంటివి అయితే మాత్రం సంగతి వేరు. బెయిల్ వచ్చే నేరమే అయినా అంతదాకా రానివ్వకండి. కిందికి వెళ్లి మాట్లాడి, ఇకమీదట ఆ మందు కొట్టబోమని చెప్పండి. ఎవరికైనా ఒంట్లో బాగా లేదంటే వెంటనే డాక్టర్‌కు చూపించి, ఏ మందు కొట్టారో దాచకుండా చెప్పండి.

లేబుల్ లేకుండా నీళ్ల బాటిల్‌లో పోసి అమ్మడం షాపు వాళ్ల నేరం. దాని మీద మీ మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ బాటిల్‌ను మోరీలో పోయకండి, వంటింట్లో పెట్టకండి. విషం అని రాసి పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచి, ఫిర్యాదు ఇచ్చేటప్పుడు అధికారికే అప్పగించండి.