గడ్డల మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మొదటి పేరాలోనే ‘మామూలు గడ్డ చిన్నగా, మెత్తగా ఉంటుంది, క్యాన్సర్ గడ్డ పెద్దగా ఉండి నొప్పి పెడుతుంది’ అని రాసేశావు. ఇది అచ్చయితే, రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఒకావిడ ‘నొప్పి లేదు కదా’ అనుకుని నెలల తరబడి ఊరుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే కండ గడ్డ కిలోల బరువు పెరిగినా క్యాన్సర్ కాదు. ముందు ఆ వాక్యం కొట్టెయ్.

కణాలు అదుపు తప్పి పెరగడం రెండు రకాల్లోనూ ఉంది. తేడా అంతా హద్దు దగ్గర వస్తుంది. క్యాన్సర్ కాని గడ్డ ఉన్నచోటే ఉబ్బుతుంది, పక్క కండను నెడుతుంది, అందులోకి మాత్రం చొరబడదు. చాలావాటికి చుట్టూ పొర ఉంటుంది. చర్మం కింది కొవ్వు గడ్డ కోత పెట్టగానే ముద్దగా ఊడి వచ్చేది అందుకే. క్యాన్సర్ గడ్డ గోడ పగుల్లో మొలిచిన రావి మొక్క లాంటిది. పైన కనిపించేది కోసేసినా వేరు ఇటుకల మధ్య ఉండిపోతుంది, కాస్త గోడ తవ్వాల్సిందే. సర్జన్ గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి కండ కూడా ఎందుకు తీస్తారో ఇక్కడే చెప్పు. రిపోర్టులో మార్జిన్ అని ఉండేది ఆ అంచు గురించే. అంచులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మళ్ళీ ఆపరేషనో, రేడియేషనో అవసరం పడవచ్చు.

హద్దు దాటిన కణాలు లింఫ్ నాళాల్లోకి (ఒంట్లో ఊరే నీటిని మోసే సన్న గొట్టాలు), రక్తంలోకి దిగి వేరే అవయవంలో కాపురం పెట్టగలవు. మనవాళ్ళు తరచూ తప్పు రాసేది ఇక్కడే. రొమ్ము నుంచి లివర్‌కి పాకినదాన్ని ‘లివర్ క్యాన్సర్’ అంటారు. కాదు, అది లివర్‌లో ఉన్న రొమ్ము క్యాన్సర్. వైద్యం కూడా రొమ్ము క్యాన్సర్‌కి చేసేదే.

‘క్యాన్సర్ కాదు కాబట్టి భయం లేదు’ అనీ రాయకు. పుర్రె లోపల ఖాళీ ఉండదు. మెదడు పొరల మీద పుట్టే మెనింజియోమా చాలావరకు క్యాన్సర్ కాదు, అయినా పెరిగి మెదడును నొక్కితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ పైకి పెరిగితే కంటి నరాలు కలిసే చోట నొక్కుతుంది, రెండు కళ్ళకూ బయటి పక్క చూపు తగ్గుతుంది. దీనికి ఎదురుగా, చర్మానికి వచ్చే బేసల్ సెల్ కార్సినోమా అసలైన క్యాన్సరే, కానీ దూరం పాకడం చాలా అరుదు. వదిలేస్తే ముక్కునో కనురెప్పనో తినేస్తూ పోతుంది.

మధ్యలో ఉన్నవీ ఉన్నాయి. పెద్దపేగులో అడినోమా అనే పాలిప్ (లోపలి గోడ మీద మొలిచే బుడిపె) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 10 ఏళ్ళ దాకా పడుతుంది, పేగులోకి కెమెరా గొట్టం పంపే కొలనోస్కోపీలో అది పాలిప్‌గా ఉన్నప్పుడే తీసేస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. ఉత్తరాంధ్ర పాఠకుల కోసం అడ్డపొగ సంగతి తప్పకుండా రాయి. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్ళకు అంగిలి మీద ముందు తెల్లమచ్చలో ఎర్రమచ్చలో వస్తాయి. అవి ఇంకా క్యాన్సర్ కాకపోవచ్చు, ఎర్రవాటికి మాత్రం ముప్పు ఎక్కువ. డెంటల్ డాక్టరు నోరు తెరిపించి టార్చి వేసి చూసినా కనిపెట్టగలరు.

ఇక పరీక్షలు. నీ వ్యాసంలో రెండే లైన్లున్నాయి, నిజానికి బలమంతా ఇక్కడ ఉండాలి. సూది పరీక్ష, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీ, సన్న సూదితో కణాలు లాగి చేసేది. కోర్ బయాప్సీలో లావు సూదితో సన్నటి ముక్కే తీస్తారు. సూది పరీక్షలో విడి కణాలు వస్తాయి, కణాల అమరిక రాదు. దీనికి థైరాయిడ్‌ను మించిన ఉదాహరణ లేదు. క్యాన్సర్ కాని ఫాలిక్యులర్ అడినోమా, క్యాన్సరైన ఫాలిక్యులర్ కార్సినోమా రెండింటి కణాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కణాలు పొరను చీల్చుకుని బయటికి వచ్చాయా, రక్తనాళంలోకి దూరాయా అన్నదే తేడా, అది సూదికి అందదు. అందుకే థైరాయిడ్‌లో గడ్డ ఉన్న సగం (లోబ్) తీసి, గడ్డ పొరను చుట్టూతా ముక్కలు కోసి, పాథాలజిస్టు (తీసిన ముక్కలను పరీక్షించే డాక్టరు) మైక్రోస్కోపు కింద అంచు వెంబడి వెతుకుతారు. ఆపరేషన్ చేశాకే క్యాన్సరో కాదో తెలుస్తుందని చెప్పినప్పుడు ఇంట్లోవాళ్ళు డాక్టరును అనుమానిస్తారు. కారణం ముందే చదివి ఉంటే ఆ అనుమానం రాదు.

చిన్న ఊళ్ళలో తీసిన ముక్కను బంధువుల చేతికే ఇచ్చి ల్యాబుకు పంపడం మామూలే. కాబట్టి డబ్బా గురించి కూడా రాయి. మూతి వెడల్పుగా ఉండాలి. ముక్క పాడవకుండా ఉంచే ద్రవం, 10 శాతం ఫార్మలిన్, ముక్కకు కనీసం పది రెట్లు ఉండి, ముక్క పూర్తిగా మునగాలి. సెలైన్‌లోనో నీళ్ళలోనో వేస్తే కణాలు పాడైపోతాయి, ఏ నిపుణుడు చూసినా లాభం లేదు. పేరు డబ్బా ఒంటి మీద రాయాలి. మూత మీద రాస్తే ల్యాబులో మూతలు మారినప్పుడు మనిషే మారిపోతాడు. రొమ్ము ముక్క 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఫార్మలిన్‌లో ఉంటేనే హార్మోన్ పరీక్షల ఫలితాలను నమ్మొచ్చు. మరీ ముఖ్యం, ‘చిన్న కొవ్వు గడ్డే’ అని తీసి పారేయనివ్వకూడదు. తర్వాత మళ్ళీ వస్తే మొదటిది ఏమిటో చెప్పడానికి ఆధారం ఉండదు.

గ్రేడ్, స్టేజ్ కలిపేశావు. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా కనిపిస్తున్నాయన్నది. స్టేజ్ అంటే ఒంట్లో ఎంత దూరం పాకిందన్నది. గ్రేడ్ 3 ఉన్నా స్టేజ్ 1 కావచ్చు. రిపోర్టులో లింఫ్ నోడ్స్ (లింఫ్ నాళాల దారిలో ఉండే చిన్న గ్రంథులు) 2/14 అని ఉంటే 14 చూశారు, రెండింట్లో క్యాన్సర్ దొరికిందని అర్థం. మామోగ్రామ్‌లో బైరాడ్స్ (రొమ్ము ఎక్స్‌రే చూసి అనుమానం ఎంతో చెప్పే అంకె) 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ చూస్తారు. 4, 5 వస్తే ముక్క తీయాల్సిందే.

‘కత్తి తగిలితే పాకుతుంది’ అన్న భయాన్ని మందలించినట్టు రాయకు. సూది దారిలో కణాలు పాకడం చాలా అరుదు, పరీక్ష లేకుండా గడిపే నెలలే అసలు నష్టమని నిదానంగా చెప్పు. వృషణంలో గడ్డకు మాత్రం సూది పెట్టరు, గజ్జ దగ్గర కోసి తీస్తారు. ఆ మినహాయింపు దాచకు. అలాగే క్యాన్సర్‌ను పట్టేస్తామనే రక్తపరీక్ష ప్యాకేజీలు చూసి మోసపోవద్దని ఒక మాట. అండాశయ క్యాన్సర్ కోసం చూసే సీఏ 125, గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, కడుపు టీబీలోనూ పెరుగుతుంది. మెడ మీద గడ్డ కూడా మన దగ్గర చాలాసార్లు టీబీయే.

చివర్లో ఎవరు ఆలస్యం చేయకూడదో రాయి. మూడు వారాలైనా మానని నోటి పుండు, ముట్లు ఆగిపోయాక మళ్ళీ కనిపించే రక్తం, కదలకుండా అతుక్కుపోయిన గడ్డ, 5 సెంటీమీటర్లు దాటి పెరుగుతున్న కొవ్వు గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం. వీటి పక్కన ‘క్యాన్సర్ లక్షణాలు’ అని పెట్టకు, ‘డాక్టరుకు చూపించాల్సినవి’ అని పెట్టు. తిరగరాశాక నాకంటే ముందు ఒక పాథాలజిస్టు చేత చదివించు. సర్జన్లు ఒప్పుకున్న వాక్యాల్లోనూ పాథాలజిస్టులు తప్పులు పడతారు.

ఉంటాను,
అన్నయ్య