తలుపు మూసుకుపోయింది, బీగంచెవి లోపలే ఉండిపోయింది: ఏం చేయాలి?

చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చారు, గాలికి తలుపు మూసుకుని బీగం పడిపోయింది, బీగంచెవీ ఫోనూ లోపలే. తాళం పగలగొట్టించాలా, వేరే దారి ఉందా అని అడిగారు. అప్పుడే పగలగొట్టకండి. ఇదే పని చేసుకుని గంటన్నర సేపు నైటీలో మెట్ల మీద కూర్చున్నదాన్ని, అందుకే చెప్తున్నా.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మిద్దె మీద బాడుగకుంటాం, కింద ఓనరమ్మ. అది ధనుర్మాసం. కొండ మీద స్వామికి సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే నెల కదా, మా వీధిలో ఐదింటికల్లా వాకిళ్ళు ఊడ్చి ముగ్గులేస్తారు. నేనూ స్టవ్ సిమ్‌లో పెట్టి, పాలు కాగేలోపు వచ్చేద్దామని ముగ్గుడబ్బా తీసుకుని కిందికి దిగాను. నాలుగు చుక్కలు పెట్టానో లేదో, పైన ధడేల్‌మంది. వంటింటి కిటికీ తెరిచిపెట్టి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.

ఓనరమ్మ దగ్గర ఇంకో చెవి ఉండేది, కానీ అది పాత బీగానిది. అది మొరాయిస్తోందని రెండు నెలల ముందే మేం, తలుపు మూస్తే దానంతటదే పడే నైట్‌లాచ్ వేయించాం. దానికి మూడు చెవులిచ్చారు. ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో, ఒకటి చెన్నైలో డ్యూటీలో ఉన్న మా ఆయన జేబులో. మూడోది బీరువాలో భద్రంగా ఉంది. నాక్కూడా అందనంత భద్రంగా.

ఇలాంటప్పుడు మనసంతా తలుపు మీదే ఉంటుంది. తలుపు ఎక్కడికీ పోదు. ముందు స్టవ్ సంగతి, లోపల పసిబిడ్డలుంటే వాళ్ళ సంగతి చూడండి. పాలు పొంగి మంట ఆరిపోతే బర్నర్‌లోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది. అది గాలికన్నా బరువు, నేలమట్టంలో పేరుకుంటుంది. వాసన వస్తుంటే కాలింగ్‌బెల్ నొక్కకండి, ఏ స్విచ్చూ ముట్టుకోకండి, పక్కవాళ్ళని దూరంగా పంపి 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకేజీకి ఉన్న నంబరది. పొగ వస్తుంటే 101. బిడ్డ లోపల చిక్కుకుంటే 112కో 101కో చేయండి. అప్పుడు మాత్రం తలుపు ఖరీదు చూడొద్దు, పగలగొట్టించేయండి.

మా సిలిండరు వెనకవైపు యుటిలిటీలో ఉంటుంది. ఆ గోడకీ పక్కింటి మిద్దెకీ మధ్య నడుమెత్తు పిట్టగోడే అడ్డం. నా కేకలకు ఓనరమ్మ బయటికొచ్చింది.

"ఏంది పాపా, ఇంత పొద్దున్నే?"

"బీగం పడిపోయిందమ్మా. స్టవ్ మీద పాలు పెట్టుండాను."

ఆమె ఇంకో మాట అడగలేదు. పక్కింట్లో డిగ్రీ చదివే పిలకాయను నిద్రలేపింది. వాడు దుప్పటి కప్పుకునే వచ్చి, పిట్టగోడ దాటి, వంటింటి కిటికీలోంచి చూసి, రెగ్యులేటర్ ఆపేశాడు. "మంట ఆరిపోలేదక్కా, గిన్నె మాత్రం నల్లగా అయిపోయుండాది" అన్నాడు. అప్పుడుగానీ నా కాళ్ళ వణుకు తగ్గలేదు. పిట్టగోడ నడుమెత్తు కాబట్టి వాణ్ని దాటనిచ్చాం. పైపులు పట్టుకుని పాకడం, సన్‌షేడ్ మీద నడవడం ఎవరితోనూ చేయించకండి.

తర్వాత నిదానంగా ఇంటిచుట్టూ ఒకసారి తిరగండి. వెనక తలుపు వేశారో లేదో చూడండి. నేను రాత్రే గడియ పెట్టాను, ఎప్పుడూ లేని బుద్ధి ఆ రాత్రే పుట్టింది. ముందు తలుపు పక్కన కిటికీ ఉంటే, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీయడం కుదురుతుందేమో చూడండి. దోమల జాలీ అడ్డముంటే దాన్నే కోసేయండి. తలుపు బాగుచేయించడం కన్నా జాలీ మార్చుకోవడం చాలా చవక.

ఏదీ కుదరకపోతే మనిషిని పిలవాల్సిందే. ఫోన్‌లోనే మీది ఏ తాళమో చెప్పండి. మాలాంటి నైట్‌లాచ్‌కి తలుపు లాగితే దానంతటదే పడే ఏటవాలు నాలుక ఉంటుంది. చెవి తిప్పి లాక్ చేయకపోతే దాని వెనక ఉన్నది స్ప్రింగు ఒక్కటే. బయట వేలాడే కప్పతాళమైతే రాయితో కొట్టొద్దు. లోపల లీవర్లన్నీ సరైన ఎత్తుకు లేస్తేనే తెరుచుకునే తాళానికి రాతిదెబ్బ లెక్కేంటి? కొడితే నలిగేది మీ తలుపు. గొళ్ళెం తగులుకునే కొక్కేన్ని రంపపు బ్లేడుతో కోయించడం తేలిక, తర్వాత హార్డ్‌వేర్ షాపులో ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఓనరమ్మ ఫోన్‌తో, ఆమెకు తెలిసిన వడ్రంగి ఆచారిని పిలిచాం. ఆయన ఆరున్నరకు సైకిలు మీద వచ్చాడు. తలుపును అరచేత్తో రెండుసార్లు నెట్టి చూసి, సంచి కూడా విప్పకుండా, "ఇంట్లో పాత ఎక్స్‌రే ఉండాదా?" అన్నాడు. ఓనరమ్మ లోపలికిపోయి తన మోకాలిది తెచ్చిచ్చింది. ఆ ఫిల్మును తలుపుకీ ద్వారబంధానికీ మధ్య వంచి దూర్చి, ఒక చేత్తో తలుపు ఊపుతూ ఇంకో చేత్తో కిందికి లాగాడు. మూడోసారికి టక్‌మంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండొందలు అడిగాడు, ఇచ్చాను. పని మొదలుపెట్టక ముందే రేటు మాట్లాడుకోండి. తెలియని మనిషైతే, ఇల్లు మీదేనని చెప్పే పక్కింటివాళ్ళు ఒకరు దగ్గరుండేలా చూసుకోండి. అదేమీ అడక్కుండా పనిలోకి దిగేవాడంటే నాకైతే భయం.

లోపలికి వెళ్ళిన సంతోషం కాసేపే. మోకాలి ఎక్స్‌రేకి తెరుచుకునే తలుపు నాకొక్కదానికే తెరుచుకుంటుందా? ఆచారినే అడిగాను. బయటికి పోయేటప్పుడు చెవి పూర్తిగా తిప్పి లాక్ చేస్తే నాలుక బిగుసుకుపోతుంది, అప్పుడు ఫిల్ము పనిచేయదు అన్నాడు. అన్ని నైట్‌లాచ్‌లకీ ఆ సౌకర్యం ఉండదు, కొనేటప్పుడే అడగండి. ఊరికి పోతున్నామంటే ఇప్పుడు మేం, తాళం వేసిన ఇళ్ళ మీద నిఘాకని పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో కూడా చెప్పి పోతాం. మనం లేని రోజుల్లో వాళ్ళు ఇంట్లో కెమెరా పెడతారు.

మీ చెవి లోపలే ఉంది కాబట్టి తాళం మార్చాల్సిన పనిలేదు. బయటెక్కడో పారేసుకుంటే మాత్రం, అదీ అడ్రసున్న పర్సుతో కలిపి పోతే, ఆ రోజే మార్పించేయండి. పోవడంలోనూ రకాలున్నాయి లెండి. మా మరిది ఒకసారి నడిచి కొండెక్కుదామని అలిపిరిలో లగేజీ కౌంటరులో బ్యాగు ఇచ్చేశాడు. నడిచేవాళ్ళ సామాను దేవస్థానం వాళ్ళే పైకి చేరుస్తారు కదా. గాలిగోపురం దాకా ఎక్కేసరికి కాళ్ళు పీకి, వెనక్కి దిగి ఇంటికొచ్చేశాడు. ఇంటి బీగంచెవి మాత్రం బ్యాగులో తిరుమల చేరింది. మళ్ళీ బస్సెక్కి పోయి తెచ్చుకున్నాడు.

ఇంకో చెవి ఎక్కడ పెట్టాలని అడుగుతారేమో. పూలకుండీ కింద, చెప్పుల స్టాండులో, మీటరు పెట్టె మీద వద్దు. దొంగ ముందు వెతికేవి అవే. మనిషి దగ్గర పెట్టండి. మాది ఇప్పుడు పసుపుదారం కట్టి ఓనరమ్మ దేవుడి గూట్లో ఉంది. తలుపు కింద ఒక చెక్కముక్క దూర్చనిదే నేను ముగ్గుకి దిగడం లేదు.

ఆ ఎక్స్‌రే ఒక మూల మడతపడింది. సాయంత్రం తీసుకెళ్ళి ఇవ్వబోతే ఓనరమ్మ, "నా మోకాలు ఎట్టాగూ బాగుపడేది కాదు, నీ దగ్గరే పెట్టుకో పాపా, పనికొస్తాది" అంది. నా దగ్గరుంటే అదీ లోపలే ఉండిపోతుంది కదమ్మా అని ఆమెకే ఇచ్చేసి వచ్చాను.