పొడుగాటి సెంటర్‌ను వెతికే ముందు

తమ్ముడికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. రింగ్ దగ్గర కాపు కాసే సెంటర్‌గా మంచి పొడుగాటివాడు ఒకడు దొరికితే నీ బాస్కెట్‌బాల్ జట్టు నిలదొక్కుకుంటుందని రాశావు. వరుసగా ఓడిన కోచ్‌లందరూ ముందు అడిగేది పొడుగు మనిషినే. నీకు నిజంగా అతనే అవసరం కావచ్చు, కాదనను. కానీ ఉన్న సెంటర్‌ను పక్కన పెట్టే ముందు ఒక పని చెయ్యి.

ఓడిన మ్యాచ్ వీడియో పెట్టుకుని, ఎదుటి జట్టు రింగ్ దగ్గర వేసిన ప్రతి బాస్కెట్ దగ్గరా ఆపి వెనక్కి తిప్పు. చివర్లో అడ్డం వెళ్లినవాడు ఎవరన్నది కాదు, మొదట దాటిపోనిచ్చినవాడు ఎవరన్నది రాసుకో. చాలాసార్లు కనిపించేది ఇదే: రింగ్‌కు దూరంగా బయట కాపు కాసే మన గార్డ్ మడమలు నేలకు ఆనించి నిలబడి, చెయ్యి మాత్రం చాస్తాడు. ఎదుటివాడు ఒక్క డ్రిబుల్‌తో అతని భుజం పక్కనుంచి దూరిపోతాడు. విధిలేక మన సెంటర్ తన మనిషిని వదిలి అడ్డం వస్తాడు. బంతి సరిగ్గా ఆ వదిలేసిన మనిషికే వెళుతుంది. ఇక బాస్కెట్ అయినా పడుతుంది, ఆలస్యంగా ఎగిరిన సెంటర్ మీద ఫౌల్ అయినా పడుతుంది. స్కోర్‌షీట్‌లో గార్డ్ పేరుండదు. 5 ఫౌళ్లు నిండి బయటికి వచ్చేది సెంటరే. అలాంటి జట్టులోకి కొత్తవాణ్ని తెచ్చినా మూడో క్వార్టర్‌కల్లా అతనూ బెంచ్ మీదే ఉంటాడు.

సెంటర్ పాయింట్లు వెయ్యడం లేదన్నావు. బంతి అతనికి ఎప్పుడు అందుతోందో గడియారం చూశావా? షాట్‌కు ఉన్నవే 24 సెకన్లు. మధ్య గీత దాటడానికి నిబంధన ఇచ్చిన 8 సెకన్లూ గార్డ్ వాడేసి, ఆ తర్వాత బయటే అటూ ఇటూ తిప్పి, మూడు సెకన్లు మిగిలాక లోపలికి విసిరితే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? ఆ లోటు బంతిని ముందుకు తెచ్చే ఆ పాయింట్ గార్డ్‌ది.

రీబౌండ్లు, అంటే షాట్ తప్పి తిరిగొచ్చే బంతులు, పోతుంటే సెంటర్ పక్కన ఆడే ఫార్వర్డ్‌లు ఎదుటివాణ్ని వీపుతో అడ్డుకుని బాక్స్ అవుట్ చేస్తున్నారో, బంతి వైపు నోరు తెరుచుకుని చూస్తున్నారో గమనించు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాయింట్ గార్డ్ విశ్రాంతికి కూర్చున్న కాసేపట్లో స్కోరు తేడా ఎంత మారిందో మ్యాచ్ మ్యాచ్‌కీ రాసి పెట్టు. ఒక్క మ్యాచ్ లెక్క నమ్మకు. ఆధిక్యం ఎప్పుడూ అక్కడే కరుగుతుంటే, నీకు కావలసింది అతని బదులు ఆడగల రెండో గార్డ్. మొదటి ఐదుగురినీ కదపనక్కర్లేదు.

2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 1-2తో వెనకబడ్డాక, ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను మొదటి ఐదుగురిలోంచి తప్పించి ఆండ్రీ ఇగుడాలాను దింపింది. బోగట్ కంటే బాగా పొట్టివాడైన డ్రేమండ్ గ్రీన్ సెంటర్‌గా ఆడాడు. వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తుకెళ్లారు. వాళ్లను చూసి నువ్వూ సెంటర్‌ను తీసెయ్యమనడం లేదు, ఎవరినైనా కాచుకోగల గ్రీన్ లాంటివాడు అందరికీ దొరకడు. లోటున్నచోట ప్రతిసారీ పొడుగే మందు కాదని మాత్రం గుర్తుంచుకో.

పొడుగు నేర్పితే రాదు, పాదాల కదలిక వస్తుంది. అందుకని రేపటి నుంచే గార్డ్‌లకు బంతి లేకుండా పక్కకు జరిగే సాధన పెట్టు, మడమ ఆనితే మళ్లీ మొదటి నుంచి చేయించు. రెండు నెలల తర్వాత ఆ వీడియో లెక్క మళ్లీ తీసి నాకు పంపు. గార్డ్‌లు దాటనివ్వకపోయినా రింగ్ దగ్గర బాస్కెట్లు పడుతూనే ఉంటే, నాకు తెలిసిన కోచ్‌లందరినీ అడిగి నీకు సెంటర్‌ను నేనే వెతికిపెడతాను.

ఇట్లు,
అన్నయ్య