సిలువ చెక్కే చేతికి ఏ చదువు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె, నాది వడ్రంగి పని. ఇంటర్ పూర్తిచేసిన మా అబ్బాయి మా మందిరంలో ప్రభురాత్రి భోజనపు బల్ల వెనుక పెట్టే సిలువను తానే గీసి, చేసి ఇస్తానంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, ఇదే వృత్తిగా ఎంచుకుంటానంటున్నాడు. ఇది బతుకుదెరువు అవుతుందా?

జవాబు: సిలువలు మాత్రమే చేసి సంసారం నడపడం కష్టం. డెల్టాలో ఊరూరా మందిరాలున్నా, ఒకసారి నిలబెట్టిన సిలువను ఏళ్ల తరబడి ఎవరూ మార్చరు కాబట్టి, కొత్త మందిరం కట్టినప్పుడో పాతది బాగుచేసినప్పుడో తప్ప పని రాదు. అయినా ఈ ఒక్క సిలువను పద్ధతిగా చేయనివ్వండి. డిజైన్ చదువుకు అదే అతని మొదటి ఆధారమవుతుంది.

ముందుగా అతను పాస్టరుగారితో, సంఘ పెద్దలతో మాట్లాడాలి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడిలో బలిపీఠం మీదనో దగ్గరనో క్రీస్తు రూపమున్న సిలువ ఉండాలి. బాప్టిస్టు మందిరాల్లో సాధారణంగా ఖాళీ సిలువే కనిపిస్తుంది. తరువాత అసలు కొలతలో అట్టతో నమూనా కోసి గోడకు తగిలించి, చివరి వరుసలో కూర్చుని చూడాలి. కాగితం మీద నిండుగా కనిపించిన అడ్డకమ్మి అంత దూరం నుంచి పుల్లలా తేలిపోవచ్చు.

రెండు చెక్కలూ కలిసేచోట మందంలో సగం సగం తీసి కూర్చే అతుకు మీకు కొత్త కాదు. అయితే టేకులో ఇత్తడి పట్టీ పొదగాలనుకుంటే, వానాకాలపు తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుందనీ, ఇత్తడి అలా ఉబ్బదనీ గుర్తుంచుకుని సన్నని సందు వదలాలి. ఇత్తడి పనికి పేరున్న అజ్జరం ఊరి కళాకారుల దగ్గర కొన్నాళ్లు కూర్చుంటే అతనికి లోహం తీరు తెలుస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప మేకులు వద్దు. బల్ల మీదే నిలబెట్టే సిలువైతే పీఠం అడుగున మెత్తని గుడ్డ అంటించాలి, లేకుంటే కింద పరిచిన నరసాపురం లేసు దారాలు దాని అంచుకు తగులుకుని తెగుతాయి. (ఇలాంటివి ఏ కళాశాలా ముందుగా చెప్పదు.)

గీసిన ప్రతి చిత్తును, తీసేసిన నమూనాలతో సహా, ఫొటోలతో ఒక పుస్తకంలో భద్రపరచమనండి. ఆంధ్రా యూనివర్సిటీ బీఎఫ్ఏలో (లలితకళల డిగ్రీ) శిల్పకళ ఉంది. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్ష రెండో దశలో చేతితో నమూనా చేయించే స్టూడియో పరీక్ష ఉంటుంది కనుక, చిన్నప్పటి నుంచి ఉలి, చిత్రిక చూసిన పిల్లవాడికి అది అనుకూలమే. రెండూ నాలుగేళ్ల కోర్సులు. అంత ఖర్చు భరించలేకపోతే ఐటీఐలో ఏడాది కార్పెంటర్ ట్రేడ్ చేసి మీ దగ్గరే పని చేయవచ్చు. అప్పుడు తలుపులు, ఫర్నిచర్ రోజువారీ ఆదాయమిస్తాయి, మందిరాల పని వచ్చినప్పుడు వస్తుంది.

సిలువను కానుకగా ఇచ్చినా, పట్టిన కలప, ఇత్తడి, పనిగంటల విలువ అతని చేతే లెక్క రాయించండి. రేపు మరో సంఘం అడిగితే ధర చెప్పడానికి ఆ లెక్కే ఆధారం. ఎన్‌ఐడీ దరఖాస్తులు తరగతులకు చాలా నెలల ముందే ముగుస్తాయి కాబట్టి, ఆ తేదీలను ఈ వారంలోనే చూసుకోండి.