మూడో ఏడాది ఫీజుకు లెక్క లేకుండా మొదటి ఏడాదికి అప్పు చేయకండి

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 47. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 92,000 వస్తుంది. ఇంటి ఖర్చు 50,000, చిట్టీకి 25,000 పోతాయి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో వచ్చే ఆగస్టుకు సీటు వచ్చింది. అక్కడ రెండేళ్లు చదివి, క్రెడిట్లు (పాసైన సబ్జెక్టుల లెక్క) బదిలీ చేయించుకుని, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో నేరుగా మూడో ఏడాది కంప్యూటర్ సైన్స్‌లో చేరొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. మొదటి ఏడాదికి 28,000 డాలర్లు అవుతుందని కాలేజీ కాగితంలో ఉంది. ఎఫ్‌డీ తీసి 4 లక్షలు, బంగారం మీద 6 లక్షలు, పీఎఫ్ నుంచి 6 లక్షలు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెద్దామనుకుంటున్నాను. రెండో ఏడాదికి 10 లక్షల చిట్టీ పాడి, మిగతాది అప్పటికి చూసుకుంటాం. ఆ తర్వాత స్కాలర్‌షిప్, బాబు పార్ట్‌టైమ్‌తో గడిచిపోతుందంటున్నారు. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) లేఅవుట్‌లో 200 గజాల స్థలం ఉంది, 36 లక్షలు పలుకుతుంది. అమ్మడం ఇష్టం లేదు. ఎండోమెంట్ పాలసీలు రెండు ఉన్నాయి, కలిపి 8 లక్షలు. నాకు షుగర్ ఉంది. క్రెడిట్ల బదిలీని నమ్మొచ్చా? ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: క్రెడిట్ల బదిలీని నమ్మొచ్చు. మీ ప్లాన్‌ను మాత్రం నమ్మలేం. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కోసం ఒక్క ఏడాది డబ్బు చూపిస్తే చాలు కాబట్టి, మన ఇళ్లలో చాలామంది ఆ ఒక్క ఏడాదికే లెక్క వేసి పిల్లల్ని విమానం ఎక్కిస్తున్నారు. నాలుగేళ్ల చదువుకు ఒక ఏడాది డబ్బు, అందులోనూ సగానికి పైగా అప్పు. మీరు చేయబోతున్నదీ అదే.

ముందు సీటు సంగతి. కమ్యూనిటీ కాలేజీలో సీటు రావడం పెద్ద విషయం కాదు. ఇంటర్ మెమో, పాస్‌పోర్టు, టోఫెల్ లేదా డ్యూలింగో వంటి ఇంగ్లిష్ స్కోరు, బ్యాంకు లెటర్ ఉంటే చాలు. శాట్ అడగరు. అడ్డంకి ఉన్నది వచ్చేటప్పుడు కాదు, రెండేళ్ల తర్వాత అక్కడి నుంచి బయటికి వెళ్లేటప్పుడు.

మీరు పంపిన ఖర్చుల కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఉన్న వరుసను చూశారా? ఆ 28,000 డాలర్లు ఏడాదికి 24 యూనిట్లు, అంటే 24 క్రెడిట్లు, చదువుతాడన్న లెక్కతో వేసినవి. ఎఫ్-1 వీసాలో ఉన్న విద్యార్థి సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు తీసుకోవాలి, అందుకే చాలా కాలేజీలు ఆ కనీసం మీదే అంచనా ఇస్తాయి. రెండేళ్లకు 48 యూనిట్లు. కానీ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో మూడో ఏడాదిలో చేరాలంటే బదిలీకి పనికొచ్చే 60 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. తగ్గిన 12 యూనిట్లు ఎప్పుడు చదువుతాడు? సెమిస్టర్‌కు 15 చొప్పున తీసుకోవాలి, లేదంటే వేసవిలో చదవాలి. ఎలా చదివినా ఫీజు యూనిట్ల లెక్కనే కట్టాలి. స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లు. బయటివారికి కాలేజీని బట్టి సుమారు 400. అంటే 4,800 డాలర్లు. డాలర్‌ను 90 రూపాయలుగా వేసుకున్నా 4 లక్షల 32 వేలు. మీ ఎఫ్‌డీ మొత్తం ఆ కాగితంలో లేని ఖర్చుకే సరిపోతుంది.

కన్సల్టెన్సీ వాళ్లు నేరుగా చేరొచ్చని అన్నది బహుశా ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, అంటే బదిలీ సీటుకు ముందస్తు హామీ) గురించి. అది నిజమైన పథకమే, మంచి పథకం కూడా. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఒకదానికి ముందే హామీ తీసుకోవచ్చు. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇందులో లేవు. కంప్యూటర్ సైన్స్ వంటి పోటీ ఎక్కువున్న కోర్సులు చాలాచోట్ల ట్యాగ్ కిందికి రావు. దరఖాస్తు చేరాల్సిన ఏడాదికి ముందు ఏడాది సెప్టెంబర్‌లోనే పెట్టాలి, అప్పటికి 30 యూనిట్లు పూర్తయి ఉండాలని ఎక్కువ క్యాంపస్‌లు అడుగుతాయి. ఏడాదికి 24 చదివే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

ఇంకో తేడా తల్లిదండ్రులు గమనించడం లేదు. క్రెడిట్ బదిలీ కావడం వేరు, అది డిగ్రీకి పనికిరావడం వేరు. మీరూ బాబూ కలిసి ఒక సాయంత్రం అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి. ఉచితం, ఎవరైనా చూడొచ్చు. బాబు కాలేజీ పేరు, వెళ్లాలనుకున్న క్యాంపస్, కోర్సు ఎంచుకుంటే ఒకవైపు యూనివర్సిటీ అడిగే సబ్జెక్టులు, ఇంకోవైపు వాటికి సమానంగా ఈ కాలేజీ చెప్పే సబ్జెక్టులు వస్తాయి. కొన్ని గడుల్లో ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటుంది. ఆ సబ్జెక్టుకు సరిపోయేది ఈ కాలేజీలో లేదని అర్థం. అలాంటివి రెండు మూడు కనిపిస్తే కాలేజీ మార్చుకోవాలి, లేదంటే యూనివర్సిటీకి వెళ్లాక ఖరీదైన ఫీజుతో చదువుకోవాలి. మార్కులు కూడా చూసుకోవాలి. సీ గ్రేడ్ రాని సబ్జెక్టు మేజర్‌కు (ఎంచుకున్న ప్రధాన కోర్సుకు) పనికిరాదు. యూనివర్సిటీలో చేరాక జీపీఏ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పైగా ఈ సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. క్యాలిక్యులస్ ఒకటి అయితేనే రెండు, అది అయితేనే ఆ పైది. ఫిజిక్స్‌కీ అదే అడ్డు. చాలా కాలేజీల్లో కొత్తవారికి రిజిస్ట్రేషన్ తేదీ చివర్లో వస్తుంది. అప్పటికి క్లాసు నిండిపోతే ఆ వరుస అంతా ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. పిల్లవాడి తప్పేమీ లేకుండానే ఇలా జరగొచ్చు. ఒక సెమిస్టర్ ఆలస్యమైతే మీ లెక్క ప్రకారమే 14,000 డాలర్లు, 12 లక్షల 60 వేలు.

అందుకే నేను ప్రతి ఉత్తరంలో అడిగేదే మిమ్మల్నీ అడుగుతున్నాను: మీ అత్యవసర నిధి ఎక్కడ? ఎఫ్‌డీ 4 లక్షలే మీ ఇంటికి ఉన్న ఏకైక ఆసరా, దాన్నే ముందుగా తీస్తానంటున్నారు. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. మీకు చిట్టీతో కలిపి నెలకు 75,000, అంటే ఆరు నెలలకు 4 లక్షల 50 వేలు. విదేశంలో పిల్లవాడు చదువుతున్న ఇంటికి దీని మీద ఒక పూర్తి సెమిస్టర్ ఖర్చు కూడా ఉండాలి. కలిపితే 17 లక్షలు. ఈ డబ్బు ఫీజు కోసం కాదు. మీ ఉద్యోగం పోయినా, డాలర్ పెరిగినా, ఒక సబ్జెక్టు తప్పినా, అర్ధరాత్రి ఫోన్ చేసి టికెట్ కొనమన్నా తీయడానికి. ఈ 17 లక్షలు చేతిలో లేకుండా పంపితే, మొదటి ఇబ్బందికే మళ్లీ రెండు రూపాయల వడ్డీ వాళ్ల గుమ్మం ఎక్కుతారు.

ఆ అప్పు గురించి కూడా నెల లెక్క వేద్దాం. 10 లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 20,000 వడ్డీ. బంగారం మీద 6 లక్షలకు సుమారు 5,000. చిట్టీ 25,000, ఇల్లు 50,000. మొత్తం లక్ష. మీ జీతం 92,000. అసలులో ఒక్క రూపాయి తీరకముందే, రెండో ఏడాది ఫీజు మాట ఎత్తకముందే, నెలకు 8,000 లోటు. నాలుగేళ్లలో ఆ 10 లక్షలకు కట్టే వడ్డీయే 9 లక్షల 60 వేలు. ప్రాంసరీ నోటు మీద తెచ్చిన అప్పుకు విద్యా రుణ వడ్డీకి ఇచ్చే పన్ను మినహాయింపు కూడా రాదు. స్థలం అమ్మడం ఇష్టం లేక ఏడాదికి 24 శాతం కట్టే తండ్రిని మెచ్చుకోలేను. ఆ స్థలం ధర ఏటా 24 శాతం పెరుగుతోందా?

బాబు పార్ట్‌టైమ్ చేసి వడ్డీ కడతాడన్న మాటను దయచేసి ఇంట్లో ఎవరూ మళ్లీ అనకండి. ఎఫ్-1 మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. ఆ ఉద్యోగాలు అందరికీ దొరకవు. బయట అనుమతి లేకుండా పని చేస్తే వీసా స్టేటస్ పోతుంది, దాంతో ఇంతవరకు కట్టిన డబ్బంతా పోతుంది. 18 ఏళ్ల పిల్లవాడి మీద తండ్రి అప్పు టెన్షన్ పెడితే వాడు ఆ తప్పుకే ఒడిగడతాడు. యూసీలో స్కాలర్‌షిప్ మాటా అంతే. అంతర్జాతీయ విద్యార్థికి ఫెడరల్, రాష్ట్ర సాయం రాదు.

ఉత్తరం చివర్లో ఇంకో సంగతి రాశారు. ఖాతాలో 30 లక్షలు ఒక నెల చూపించడానికి 40,000 అడిగారని. ఆ మనిషికి ఇకపై ఫోన్ చేయకండి. మీది కాని డబ్బును మీదని వీసా ఆఫీసర్ ముందు పెట్టి దొరికితే అది మోసం కిందికి వస్తుంది, బాబుకు అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

ఇప్పుడు మొత్తం ఖర్చు. కాలేజీ కాగితం లెక్కనే తీసుకున్నా కమ్యూనిటీ కాలేజీ రెండేళ్లకు 56,000 డాలర్లు. యూసీలో బయటివారికి 2025-26లో అదనపు ట్యూషనే 37,602 డాలర్లు, మిగతా ఫీజులు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిస్తే ఏడాదికి 75,000కు తగ్గదు. నాలుగేళ్లకు 2,06,000 డాలర్లు, అంటే కోటీ 85 లక్షలు. కాలిఫోర్నియాలోనే ఉన్న మరో ప్రభుత్వ యూనివర్సిటీల గుంపు కాల్ స్టేట్‌లో అయితే ఏడాదికి 40 నుంచి 45 వేల డాలర్లలో అవుతుంది. అప్పుడు కూడా మొత్తం కోటీ 22 లక్షలకు తగ్గదు. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో 42 క్రెడిట్ గంటల కోర్ కరికులం (అందరూ చదవాల్సిన ప్రాథమిక సబ్జెక్టులు) పూర్తి చేస్తే అది అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలకు ఒకే గుంపుగా బదిలీ అవుతుంది, మీ బంధువులు డాలస్ వైపు ఉంటే ఆ లెక్కా చూడండి. ఇక్కడే బీటెక్ చేసి ఎంఎస్‌కు వెళ్లే దారి ఎప్పుడూ ఉంది.

ఇంత ఖర్చు వెనుక ఉన్నది మీ ఒక్కరి జీతం. మీ బీమా 8 లక్షలు. రేపు మీకేమైనా అయితే బాబు చదువు మధ్యలో ఆగిపోతుంది, అప్పులవాళ్లు ఇంటికి వస్తారు, మీ భార్య ఆ స్థలాన్ని వచ్చిన రేటుకు అమ్ముకోవాలి. కనీసం కోటిన్నర టర్మ్ పాలసీ తీసుకోండి. షుగర్ ఉందని దరఖాస్తులో రాయండి. ప్రీమియం కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. దాచిన జబ్బు క్లెయిమ్ రోజున బయటపడితే డబ్బు రాకపోవచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ముఖ్యంగా, పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, భార్యాబిడ్డల పేర తీసుకోండి. ఆ డబ్బును మీ అప్పులవాళ్లు ముట్టుకోలేరు. ఈ ఆప్షన్ పాలసీ తీసుకునేటప్పుడే పెట్టాలి, తర్వాత కుదరదు. మీ ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, సొంతంగా ఒకటి ఇప్పుడే తీసుకోండి. పీఎఫ్ జోలికి పోకండి. అది మీ అరవయ్యో ఏట అన్నం.

నా అభిప్రాయం ఇదీ. ఈ ఆగస్టుకు పంపకండి. చాలా కాలేజీలు అడ్మిషన్‌ను తర్వాతి టర్మ్‌కు వాయిదా వేసుకోనిస్తాయి, ఈమెయిల్ పెట్టి అడగండి. ఈలోగా ఆ స్థలం మీద నిర్ణయం తీసుకోండి. అమ్మితే 17 లక్షల నిధి పక్కన పెట్టాక మిగిలేది 19 లక్షలు, అది మొదటి ఏడాదికే చాలదు. తాకట్టు పెట్టి బ్యాంకులో విద్యా రుణం అడిగితే నాలుగేళ్లకూ ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తెచ్చుకోండి. బ్యాంకు రుణంతో ఫీజు పంపితే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) ఉండదు, పాత పన్ను విధానంలో వడ్డీకి పన్ను మినహాయింపు కూడా వస్తుంది. బ్యాంకు ఇచ్చే మొత్తం, మీ చేతిలో మిగిలేది కలిపి కాల్ స్టేట్ ఖర్చుకు కూడా అందకపోతే, బాబును ఇక్కడ బీటెక్‌లో చేర్చండి. ఎంఎస్ నాటికి లెక్క వేరుగా ఉంటుంది.

అందితే మాత్రం బాబు చేత కాలేజీ ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌కు రాయించి, సెమిస్టర్‌కు 15 యూనిట్ల చొప్పున నాలుగు సెమిస్టర్ల సబ్జెక్టుల పట్టిక తెప్పించండి. ఆ పట్టిక, బ్యాంకు మంజూరు లేఖ, టర్మ్ పాలసీ, 17 లక్షల ఖాతా పుస్తకం నాలుగూ చేతికి వచ్చాకే వీసాకు ముందు కట్టాల్సిన సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టండి.