బయానా ఇచ్చే ముందు ఆ బండి కాగితాలు అడుగు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్‌లో నీ సంతోషం వింటుంటే మధ్యలో అడ్డుపడబుద్ధి కాలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. 2012 స్విఫ్ట్, పెట్రోలు, 48 వేల కిలోమీటర్లే తిరిగింది, సింగిల్ హ్యాండ్, ఎక్కడా గీత లేదు, ఆదివారం బయానా ఇచ్చేస్తాను అన్నావు. అప్పుడే ఇవ్వకు బిడ్డా. కారు కొనొద్దని అనడం లేదు. ఇన్నేళ్లలో ఆ బండిని ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో, ఏం రిపేరు చేశారో కాగితాల్లో కనబడేదాకా ఆగమంటున్నాను.

2021 వేసవిలో నేను ఆగలేదు. తెలిసినాయన ఒక బ్రోకర్ దగ్గరికి తీసుకెళ్లాడు. కారు అద్దంలా మెరుస్తోంది, సీటు కవర్లు కొత్తవి, డోరు తీస్తే సెంటు వాసన. సాయంత్రానికల్లా డబ్బు కట్టేశాను. వానలు మొదలయ్యాయో లేదో పవర్ విండోలు ఆగిపోయాయి. తర్వాత హారన్ దానంతటదే మోగడం, ఆపైన ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోవడం. మలక్‌పేటలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డు విప్పి చూపించాడు. వైర్ల కనెక్టర్ల నిండా పచ్చగా చిలుము పట్టి ఉంది. అతను ఇంకో మాట అన్నాడు: “సార్, ఆ సీటు బెల్టు చివరిదాకా లాగండి.” లాగాను. రోజూ వాడే భాగం శుభ్రంగానే ఉంది. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మాత్రం మట్టి రంగులో ఉంది, దాని మీద అడ్డంగా ఒక గీత. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ గీత చెప్పింది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన నీకు గుర్తుండే ఉంటుంది, కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ నీళ్లలో నిలబడ్డ బండినే నాకు అంటగట్టారు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏంటంటే, ఆ సంగతి చెప్పే కాగితం కొన్న రోజే నా చేతికొచ్చింది. పాత ఓనర్ ఇన్సూరెన్స్ కాపీలు రెండు ఫైల్లో ఉన్నాయి. 2019 డిసెంబరు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 45 శాతం, 2020 డిసెంబరు పాలసీలో సున్నా. నేను చివరి తేదీ మాత్రం చూసి ఫైలు మూసేశాను.

అందుకే నువ్వు ముందుగా ఇన్సూరెన్స్ కాపీలే అడుగు, దొరికినన్ని ఏళ్లవి. క్లెయిమ్ లేకుండా గడిస్తే ఆ బోనస్ 20, 25, 35, 45, 50 శాతం అలా ఏటా పెరుగుతుంది. ఓనర్ మారకుండానే ఒక్కసారిగా సున్నాకు పడిందంటే ఆ ఏడాది క్లెయిమ్ చేసి ఉండాలి, లేదా పాలసీ 90 రోజులకు పైగా కట్టకుండా వదిలేసి ఉండాలి. ఏది జరిగిందో ఓనర్ నోటితోనే చెప్పించు. ఉత్త థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే ఇన్సూరెన్స్) కట్టిన ఏళ్లలో ఈ బోనస్ ఉండదు, ఆ కాపీలు చూసి కంగారుపడకు.

నీకు బ్రోకర్ “ఫిట్‌నెస్ 2027 దాకా ఉంది మేడమ్” అన్నాడన్నావే, ఆ మాటకు విలువ లేదు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ ఇచ్చేదే 15 ఏళ్లకు. 2012కి 15 కలిపితే 2027, అంతే. మధ్యలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎవరూ దాన్ని చూడరు. 15 ఏళ్లు నిండాక రెన్యువల్‌కి ఆర్‌టీఏ ఆఫీసుకు తీసుకెళ్తేనే చూస్తారు, పాసైతే ఇంకో ఐదేళ్లు ఇస్తారు. ఆ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. పైన గ్రీన్ టాక్స్ వేరే. ఆ ఖర్చంతా నీ మీదే పడుతుంది కాబట్టి ఇప్పుడే ధరలో తగ్గించమను. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపిస్తే అది పొగ సంగతే చెబుతుంది, బ్రేకుల గురించీ చాసిస్ గురించీ అందులో ఏమీ ఉండదు. టాక్సీల సంగతి వేరు, వాటికి ఫిట్‌నెస్ తనిఖీలు మొదటి నుంచీ ఉంటాయి. నీ బండి ఒకప్పుడు టాక్సీగా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకు మారిందేమో అది కూడా అడుగు.

మరి ఇన్నేళ్లూ బండిని చూసిందెవరు? సర్వీస్ సెంటర్ వాళ్లు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, చేసిన పని చాసిస్ నంబరు కింద ఎక్కించి పెడతారు. ఓనర్‌ను అక్కడికి వెళ్లి ఆ సర్వీస్ హిస్టరీ ప్రింటు తెమ్మను. “అదంతా ఎందుకు మేడమ్” అంటే ఆ బండి వదిలెయ్. ప్రింటు వచ్చాక పెన్ను పట్టుకుని కూర్చో. మాటవరసకు 2013లో 11 వేలు, 2014లో 22 వేలు, 2015లో 34, 2016లో 45 ఉందనుకో. ఆ తర్వాత ఏమీ లేదు, ఇవాళ మీటరు 48 అంటోంది. ఏడాదికి 11 వేలు తిరిగిన బండి ఆ తర్వాత ఇన్నేళ్లలో మూడు వేలే తిరిగిందా? సెల్లార్‌లో మూలపడి ఉండాలి, లేదా బయట షెడ్డులో చేయించుకుంటూ అమ్మే ముందు మీటరు వెనక్కి తిప్పి ఉండాలి. మూలపడిందంటే రబ్బరు పైపులు, బెల్టులు, టైర్లు మార్చాల్సిందే అనుకో. బయట చేయించామంటే ఆ బిల్లులు చూపించమను. ఖాళీగా ఉన్న ఏళ్ల గురించే ఎక్కువ అడుగు.

అదే ప్రింటులో యాక్సిడెంట్ పనులు కూడా ఉంటాయి. బంపరు, అద్దం మార్చడం మన హైదరాబాద్ ట్రాఫిక్‌లో మామూలే. రేడియేటర్ సపోర్టు, ఏప్రన్ లాంటి, ఇంజను చుట్టూ ఉండే భాగాల పేర్లు కనిపిస్తే ముందువైపు గట్టిగా తగిలిందని అర్థం. బానెట్ ఎత్తి కీలు దగ్గర బోల్టులు చూడు. పానా పెట్టిన గుర్తులుండి రంగు లేచిపోయి ఉంటే బానెట్ ఒకసారి విప్పారన్నమాట.

టైరు పక్కన చిన్న డబ్బాలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. 2012 బండికి అలాంటి అంకె ఉంటే టైర్లు మధ్యలో మార్చారన్నమాట, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో అడుగు. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉంటే 48 వేలు అన్న మాట నమ్మకు.

మిగతావి తొందరగా అయిపోయే పనులే. ఆర్‌సీలో ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో చూసుకో. లోను తీరినా హైపోథికేషన్ (ఆర్‌సీ మీద అప్పిచ్చిన వాళ్ల పేరు) తీయించని వాళ్లు చాలామంది. పెండింగ్ చలాన్లు బండి నంబరు కొడితే వస్తాయి. చాసిస్ నంబరు బండి మీద ఉన్నదీ ఆర్‌సీలో ఉన్నదీ అంకె అంకె కలిపి చూడు. ఏపీ 09 ప్లేటు చూసి ఆంధ్ర బండి అనుకున్నానన్నావు, కాదు. 2014కు ముందు ఖైరతాబాద్‌లో రిజిస్టర్ అయినవన్నీ అవే.

శనివారం నేను ఖాళీ. మన మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొద్దున ఏడింటికల్లా కూకట్‌పల్లి వస్తాను. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కు ఇవాళే చెప్పు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వినాలి. సర్వీస్ ప్రింటు, ఇన్సూరెన్స్ కాపీలు అప్పటికి అక్కడ ఉండాలి. సీటు బెల్టులు నాలుగూ నేనే లాగి చూస్తాను.

నీ మామయ్య